బుధవారం హైదరాబాదుకు గంటా పది నిమిషాలు

బెంగుళూరు విమానాశ్రయం నుంచి హైదరాబాదు విమానాశ్రయానికి గంటా పది నిమిషాలు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. మా అత్త విమానం ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు. అయినా ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే ఇద్దరం ఒకటే మాట చెబుతాం.

మాది తాడిపత్రి పక్కన యాడికి అనే ఊరికి దగ్గర పల్లె. వాన పడితే చెనిక్కాయ వేస్తాం, పడకపోతే పడలేదని చెప్పుకుంటూ కూర్చుంటాం. అట్లాంటి ఇంట్లోకి విమానం మాట రావడానికి కారణం మా అత్త అక్క. తోడబుట్టినవాళ్ళు ఇద్దరే. ఆమెను నేను పెద్దత్త అంటాను. కొడుకు దగ్గర హైదరాబాదులో ఉంటుంది.

ఈ అక్కాచెల్లెళ్ళ గురించి ఒక్కటి చెబితే చాలు. మా అత్తకు ఏడేళ్ళప్పుడు చేన్లో తేలు కుట్టింది. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు. పదకొండేళ్ళ అక్క చెల్లెల్ని చంకన వేసుకుని యాడికి ఆస్పత్రి దాకా నడిచింది. అది ఎంత దూరమని నేను చాలాసార్లు అడిగాను. అత్త కిలోమీటర్లు చెప్పదు. "మూడుసార్లు దించింది" అంటుంది. అదీ ఆ దూరం.

ఒక ఆదివారం పొద్దున పెద్దత్త ఫోన్ చేసింది. మేమంతా వింటుండగానే మాట్లాడుకున్నారు.

"ఏమే, యాడుండావ్?"

"ఇంట్లోనేక్కా. నువ్వు యాడుండావ్?"

"ఆస్పత్రిలో. గురువారం పొద్దున నా ఎదను కోస్తారంట. నువ్వొచ్చి నా పక్కన కూచ్చుంటేనే నేను ఆ బల్ల ఎక్కేది. డాక్టరుతో కూడా చెప్పినా."

"డాక్టరేమన్నాడక్కా?"

"బుధవారం సాయంత్రం ఏడు లోపల రమ్మన్నాడు. ఏడు దాటితే దేవుడొచ్చినా లోపలికి ఇడవరంట."

అంతలో ఆమె కొడుకు ఫోన్ తీసుకున్నాడు. "పిన్నమ్మా, ఇది తమాషా కాదు. పోయిన నెల ఇట్లనే చివర్లో బల్ల మింద నుంచి దిగి ఇంటికొచ్చేసింది. ఈసారీ దిగితే గుండె ఇంక ఓర్చుకోదని చెప్పినారు. నువ్వు రావల్ల. నువ్వు చెప్తేనే ఇంటాది."

అత్త "వస్తాండా" అంది. ఫోన్ పెట్టేశాక, ఎట్లా పోవాలో మీరే చెప్పండన్నట్టు మా వైపు చూసింది.

చిక్కు ఏమిటంటే, రెండేళ్ళ కిందట మా అత్త పశువుల కొట్టంలో జారిపడింది. అప్పటి నుంచి గంటకు మించి కూర్చోలేదు. గంట దాటితే నడుము బిగుసుకుపోతుంది. ఇక ఆమెను లేపడానికి ఇద్దరు కావాలి. హైదరాబాదు బస్సులో రాత్రంతా. రైలులోనూ రాత్రంతా. మా మరిదికి సొంత కారుంది, కానీ రోడ్డు మీద మూడు వందల నలభై కిలోమీటర్లు.

మా మరిది అన్నీ ఫోన్‌లో చూసి చెబుతాడు. వాన వస్తుందా అని కూడా ఫోన్‌లో చూసి, తర్వాత బయటికి వచ్చి చూస్తాడు. ఆ పూట ఫోన్ తిప్పి తిప్పి లేచి నిలబడ్డాడు.

"వదినా, దొరికింది. బెంగుళూరు నుంచి హైదరాబాదు. ఆకాశంలో నాలుగు వందల యాభై కిలోమీటర్లు చిల్లర. ఎంతసేపో చెప్పు చూద్దాం?"

"నాకేం తెలుసప్పా."

"గంటా పది నిమిషాలు!"

గంట అంటే అత్త నడుము తట్టుకునేంత సేపు. పైన పది నిమిషాలే. ఆ పది నిమిషాలు ఓర్చుకుంటానని అత్త అక్కడికక్కడే మాట ఇచ్చింది.

మా ఇంటాయన ఒక్కడే అడ్డం మాట్లాడాడు. "రేయ్, హైదరాబాదు ఈ పక్క ఉండాది. బెంగుళూరు ఆ పక్క ఉండాది. నీ ముక్కు యాడరా అంటే చెయ్యి తల చుట్టూ తిప్పి పట్టుకున్నట్ల ఉండాది నీ యవ్వారం."

"అన్నా, ఇమానంలో గంటే కదన్నా."

"ఇమానం కాడికి పోయేదానికి ఎంతసేపురా?"

"అది కారులో కదన్నా," అన్నాడు మరిది. కారు సొంతం కాబట్టి ఆ నాలుగున్నర గంటలు ప్రయాణం కింద రావని అతని లెక్క. మేమూ ఒప్పుకున్నాం. ఎందుకు ఒప్పుకున్నామో ఇప్పుడు అడిగితే చెప్పలేను. గంటా పది నిమిషాలు అన్న మాట ఒకసారి ఇంట్లోకి వచ్చాక దాని పక్కన వేరే అంకె నిలబడలేదు.

మరిది ఫోన్‌లో విమానం పోయే దారి కూడా చూపించాడు. బెంగుళూరు నుంచి హైదరాబాదుకు ఒక గీత. ఆ గీత సరిగ్గా తాడిపత్రి పక్కగా, అంటే మా నెత్తి మీదుగా పోతోంది.

అత్త కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "మనూరి మింద నుంచే పోతాదా?"

"అవునమ్మా."

"అట్లయితే ఈడ ఎక్కించుకోకూడదా?"

"అది బస్సు కాదమ్మా, చెయ్యెత్తితే ఆపేదానికి."

"అడిగి చూసినావా?" అంది అత్త. అడగలేదని మరిది ఒప్పుకున్నాడు.

టికెట్లు బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు దొరికాయి, నాకూ అత్తకూ. మరిది మమ్మల్ని విమానాశ్రయంలో దింపి వెనక్కి వస్తాడు. అవతల పెద్దత్త కొడుకు కారు తెస్తాడు. డబ్బు కట్టేశాక అత్తకు వారం గుర్తొచ్చింది.

"బుధవారమా? మంగళ బుధవారాలు ఉత్తరం కూడదు గదరా!"

మా వైపు వారాన్ని బట్టి దిక్కు చూస్తారు. మంగళవారం, బుధవారం ఉత్తరం పోరు. గురువారం దక్షిణం పోరు. తప్పదంటే దానికీ ఒక దారి ఉంది. మంచి రోజు చూసి, పోవలసిన మనిషి సంచిని ముందుగానే ఆ దిక్కున ఉన్న వేరే ఇంట్లో పెట్టి రావాలి. దాన్ని ప్రస్థానం అంటారు. సంచి బయలుదేరిందంటే మనిషి బయలుదేరినట్టే. తర్వాత ఏ వారం పోయినా తప్పు లేదు, దారిలో సంచి తీసుకుని పోవడమే. ఒకటే కట్టుబాటు. ఆ సంచిని మళ్ళీ ఇంటికి తేకూడదు, ప్రయాణం రోజున గడప దాటిన మనిషి మళ్ళీ ఆ గడప తొక్కకూడదు.

మా ఊరి ఉత్తరపు కొసన గుడ్డలు కుట్టే ఆమె ఉంది. మిషనామె అంటారు. ఉత్తరం పోయే వాళ్ళ సంచులన్నీ ఆమె గోడకున్న కొక్కేలకే. ఆమె కుట్టే గుడ్డలు పెట్టెలో ఉంటాయి, కొక్కేలు మాత్రం ఊరివి. దక్షిణం పోయేవాళ్ళకు పాల డెయిరీ పక్క ఇల్లు. ఇక్కడే మరిదికి అనుమానం వచ్చింది.

"అమ్మా, మనం ముందు దక్షిణం కదా పోతాండేది? సంచి డెయిరీ కాడ పెట్టల్ల."

"ఎవరన్నా అడిగితే యా ఊరికి పోతాండానని చెప్పల్ల నేను?"

"హైదరాబాదుకని."

"హైదరాబాదు ఏ దిక్కురా?"

"ఉత్తరం."

"మరి? బెంగుళూరులో నాకెవరుండారు?"

సోమవారం పొద్దున మంచి గడియలో సంచి సర్దాం. ఒక చీర, రవిక, తమలపాకులు, పసుపు కొమ్ము. అత్తకు తృప్తి కాలేదు. పెట్టేది మనిషికి బదులు కాబట్టి మనిషిదైన వస్తువు ఏదైనా ఉండాలంది. చెవి కమ్మలు పెడదామా అంది. గోడ మీద కమ్మలు వేలాడదీస్తే మిషనామెకు నిద్ర పట్టదని నేను వద్దన్నాను. ఆలోచించి ఒక మాట చెప్పాను. ఆ మాట చెప్పింది నేనే, ఇంకెవరి మీదా తోయను.

"ఆధార్ కార్డు పెడదాం అత్తా. దాంట్లో నీ ఫోటో ఉండాది, పేరుండాది, వేలిముద్రలు కూడా దానికే ఇస్తిమి. మనిషికి బదులంటే అంతకన్నా ఏముండాది?"

అత్త నన్ను మెచ్చుకుంది. కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళయింది, నా తెలివిని ఆమె మెచ్చుకోవడం అది రెండోసారి. సంచి మిషనామె ఇంటి మధ్య కొక్కేనికి తగిలించి వచ్చాం.

బుధవారం ఆరు గంటలకు బయలుదేరాం. వెనక సీటులో అత్త నా తొడ మీద తల పెట్టుకుని పడుకుంది. మరిది బండి తిప్పాడు. మా ఇల్లు ఊరికి దక్షిణపు చివర ఉంది, బండి మూతి దక్షిణానికే ఉంది. సంచి దారిలో తీసుకోవాలి. దారి ఆ పక్కకు పోలేదు. సంచి మరిది తెచ్చి డిక్కీలో పెట్టి ఉంటాడని నేను, నేను తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టుకుని ఉంటానని మరిది, ఎవరికి వారం నిమ్మళంగా ఉన్నాం. అత్తకు ఆ దిగులే లేదు. ఆమె సోమవారం నుంచే ప్రయాణంలో ఉంది.

తాడిపత్రి దాటి, అనంతపురం దాటి రాప్తాడులో ఆగాం. అప్పటికి బయలుదేరి రెండు గంటలయింది. అత్తను దింపి రోడ్డు పక్కన నాలుగడుగులు నడిపించాను. మరిది టీ చెప్పి వచ్చి అన్నాడు, "వదినా, ఆధార్లు తీసి చేతిలో పెట్టుకోండి. ఆడ వాకిట్లోనే అడుగుతారు."

నాది తీశాను.

"అమ్మది?"

"సంచిలో ఉండాది."

"సంచి?"

నేను కారు డిక్కీ వైపు చూశాను. అతను నా కాళ్ళ దగ్గరకు చూశాడు. టీ ఇచ్చే అతను మా ఇద్దరినీ చూసి గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మరిది మిషనామెకు ఫోన్ చేశాడు. ఫోన్ గట్టిగా పెట్టాడు కాబట్టి అందరం విన్నాం.

"మా యమ్మ సంచి నీ కాడ ఉండాదా?"

"ఉండాది నాయనా. ఏం భయం లేదు. పొద్దున నుంచి మీ కోసరమే చూస్తాండా. ఇంకా బయల్దేరలేదా?"

"రాప్తాడులో ఉండాము."

"రాప్తాడా?" అంది ఆమె. "మీరు పోయేది హైదరాబాదుకు కదా?"

కార్డుకు ఫోటో తీసి పంపమన్నాడు. ఇంకొకరి ప్రస్థానం సంచి విప్పితే విప్పిన వాళ్ళకు మంచిది కాదని ఆమె చెప్పింది. పైగా తన ఫోన్‌లో ఫోటో రాదంది. ఎవరినైనా మోటారు సైకిల్ మీద పంపితే అన్నాడు మరిది. లెక్క వేశాడు. వాళ్ళు రాప్తాడు చేరేసరికి పది దాటుతుంది, మేము విమానాశ్రయం చేరేసరికి ఒంటిగంట. కార్డులోని నంబరు ఫోన్‌లో కొడితే కార్డు బొమ్మ ఫోన్‌లోకే వస్తుందన్నాడు. అది రావాలంటే చనిపోయిన మా మామ పేరిట ఉన్న పాత ఫోన్ నంబరుకు ఏదో అంకె రావాలట. మామ పోయి నాలుగేళ్ళయింది. నంబరు అంతకు ముందే పోయింది.

"పోయి బతిమాలుకుందాం," అన్నాడు చివరకు. "పెద్దమనిషి, పాపం అంటారు. ఇడుస్తారు."

"ఇడవకపోతే?" అన్నాను నేను. "ఆడి నుంచి సాయంత్రం ఏడుకు ఎట్లప్పా పోయేది?"

మా కారణంగా పెద్దత్త ఆ బల్ల మీద నుంచి రెండోసారి దిగి చెప్పులు వేసుకుంటున్నట్టు నాకు కళ్ళకు కట్టింది. ఆధార్ మాట నాదని చెప్పాను కదా. టీ గ్లాసు తిరిగి బల్ల మీద పెట్టేశాను.

అత్త రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని హైవే మీద పోయే లారీలను చూస్తోంది. నిదానంగా అంది, "నేను సోమవారం నుంచి మిషనామె ఇంట్లో ఉండా. నన్ను ఆడ ఇడిసిపెట్టి మీరెట్ల పోతారు? తిప్పరా బండి."

మరిది తిప్పాడు. వచ్చిన దారినే రెండు గంటలు. ఎవరూ గంటా పది నిమిషాల మాట ఎత్తలేదు.

మళ్ళీ మా ఊరు రావాలంటే మా ఇంటి ముందు నుంచే రావాలి. "ఆపొద్దు. ఎవరూ ఇంటి పక్క చూడొద్దు," అంది అత్త, చీర కొంగు ముఖం మీద కప్పుకుని. మా ఇంటాయన వాకిట్లో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. మేము లేని పూట ఆయనకు పదింటికి తెల్లవారుతుంది. కారు ఆయన ముందు నుంచి పోయింది. మరుక్షణం నా ఫోన్ మోగింది.

"ఇప్పుడే మన కారు మాదిరి ఒకటి ఉత్తరం పక్క పోయినాది."

"అది మేమే."

"ఇమానం?"

"లేదు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. మిగతాదంతా తర్వాత అడిగాడు, ఇప్పటికీ అడుగుతున్నాడు.

మిషనామె సంచితో రోడ్డు మీదే నిలబడి ఉంది. సంచి ఇచ్చి, గుడ్డలో చుట్టిన సద్ద రొట్టెలు కూడా ఇచ్చి, అత్తను చూసి, "ఇప్పుడు సరిగ్గా పోతాండారు," అంది.

గుత్తి దగ్గర హైవే ఎక్కాం. గంటకొకసారి బండి ఆపాలి. అత్తను ఇద్దరం పట్టుకుని దింపాలి, ఆమె వంద అడుగులు అటు, వంద అడుగులు ఇటు నడవాలి, మళ్ళీ ఎక్కి పడుకోవాలి. కారులోనైతే పడుకోవచ్చు, విమానంలో పడుకోనివ్వరని మరిది అప్పుడు చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే ఎవరూ అడగలేదన్నాడు.

కర్నూలు దాటాక ఒక పెట్రోలు బంకు దగ్గర మూడోసారో నాలుగోసారో దింపాం. నాలుగోసారే. సద్ద రొట్టె తుంచి అత్త చేతిలో పెట్టాను. నడుస్తూ తింటోంది. పైన సన్నగా చప్పుడైంది. మరిది ఫోన్ తీసి చూశాడు, ఆకాశంలోకి చూశాడు, మళ్ళీ ఫోన్ చూశాడు.

"వదినా, అదే మన ఇమానం."

చిన్నదిగా, తెల్లగా పోతోంది. ముగ్గురం తల ఎత్తి చూశాం. దానిలో రెండు సీట్లు ఖాళీగా ఉంటాయి కదా అనిపించింది నాకు. అత్త చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని అది కనిపించినంతసేపు చూసింది.

"మనూరి మింద నుంచే వచ్చిందా?"

"అవునమ్మా. ఇప్పుడే దాటింటాది."

"బాగా పోతాంది," అని మిగిలిన రొట్టె ముక్క నోట్లో వేసుకుంది. "ఎక్కించండి. టైమైతాంది."

ఆ తర్వాతి దూరం నాకు రెండే విషయాలుగా గుర్తుంది. ఒకటి, మరిది గడియారం చూడటం. రెండోది, అత్త అతన్ని గడియారం చూడొద్దనడం. హైదరాబాదు ఊరు మొదలైన దగ్గర్నుంచి ఆస్పత్రి వరకు ఉన్న దారి ఊర్లోదే అయినా, గుత్తి నుంచి కర్నూలంత ఉంది. ఆరు గంటలకు ఆఖరుసారి దింపాం. ఆ తర్వాత ఆపే ధైర్యం లేకపోయింది. ఏడుకు పది నిమిషాలుండగా ఆస్పత్రి వాకిట్లో ఆగాం.

తలుపు తీస్తే అత్త లేవలేదు. నడుము బిగుసుకుపోయింది. నేనూ మరిదీ చెరో పక్క పట్టుకున్నాం. వాచ్‌మన్ వచ్చాడు.

"ఒక్కరే పోవాలి లోపలికి."

"ఆమెను లేపేదానికే ఇద్దరు కావల్లప్పా," అన్నాను.

"రూలు ఒక్కరే."

వాదించే టైము లేదు. పక్కన చక్రాల కుర్చీ ఉంటే అత్తను దాన్లో కూర్చోబెట్టాం. కూర్చోగానే ఆమె ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. వాచ్‌మన్ చూసి ఒక్కసారిగా పక్కకు తప్పుకుని తలుపు తెరిచాడు. కుర్చీలో ఉన్నామెను రోగి కింద, నన్ను ఆమెకు తోడు కింద లెక్కవేశాడు. నేను సరిదిద్దలేదు. మరిది బయట ఆగిపోయాడు. పొద్దుటి నుంచి అతని లెక్కలన్నీ తప్పాయి, కలిసొచ్చింది వాచ్‌మన్ తప్పుగా వేసిన ఆ లెక్క ఒక్కటే.

పెద్దత్త మంచం మీద కూర్చుని ఉంది. కాళ్ళు కిందికి వేలాడేసి ఉన్నాయి. చెప్పులు నిజంగానే మంచం పక్కన సరిగ్గా పెట్టి ఉన్నాయి. ఆమె కొడుకు గోడకు ఆనుకుని ఉన్నాడు. మధ్యాహ్నం విమానాశ్రయం దాకా వెళ్ళి, మేము ఆలస్యంగా గుర్తొచ్చి చేసిన ఫోన్ అందుకుని, ఖాళీ కారుతో వెనక్కి వచ్చినవాడు.

"వచ్చినావా?" అంది పెద్దత్త.

"వచ్చినాక్కా."

"ఇమానం గంటా పది నిమిషాలంట కదా. వీడు చెప్పినాడు. ఇంతసేపు యాడుంటివే?"

"బుధవారం కదక్కా," అంది మా అత్త.

పెద్దత్త కొడుకు ఏదో చెప్పబోయాడు. పెద్దత్త చేత్తో ఆపింది. "అవును కదా. ఉత్తరం," అంది. ఆ రోజు ఆ మాట విని ఒప్పుకున్న మనిషి ఆమె ఒక్కతే. "పరస్తానం పెట్టినారా?"

"పెట్టినాము. దాని కోసరమే లేటు."

"ఎన్నిసార్లు దించినారే నిన్ను?"

అత్త నా వైపు చూసింది. "ఎనిమిదిసార్లు పెద్దత్తా," అన్నాను. "రాప్తాడుతో కలిపితే తొమ్మిది."

"శానా దూరమే," అంది పెద్దత్త. చెల్లెలి చెయ్యి పట్టుకుని నిదానంగా కాళ్ళు మంచం మీదికి తీసుకుంది. పడుకుంది. ఆమె కొడుకు వంగి ఆ చెప్పులు తీసి మంచం కిందికి తోశాడు.

గురువారం పొద్దున ఆమెను తీసుకుపోయారు. బల్ల మీద నుంచి దిగలేదు. మధ్యాహ్నం దాటాక బయటికి తెచ్చారు, సాయంత్రానికి కళ్ళు తెరిచింది. మమ్మల్ని ఒక్కొక్కరినే రెండు నిమిషాలు చూడనిచ్చారు. అత్త వెళ్ళి వచ్చాక నేను వెళ్ళాను. పెదవులు కదిలిస్తోంది. వంగి చెవి పెట్టాను.

"ఈ పొద్దు ఏం వారం?"

"గురువారం పెద్దత్తా."

"దక్షిణం కూడదు. పోవద్దండి."

పోలేదు. మర్నాడు శుక్రవారం, ఇంటి ఆడబిడ్డను పంపకూడదంది. ఆ తర్వాతి రోజు ఏం కూడదో ఆమెకు గుర్తు రాలేదు, గుర్తు వచ్చేదాకా ఉండమంది. అట్లా పదకొండు రోజులున్నాం.